కొయ్యకు తగిలించిన ముఖం

చతుర్ముఖ మేళం విడిపోయిన రోజున మూడు రాజ్యాల్లో పొయ్యి వెలగలేదని కవులు రాశారు. మరునాడు అందరూ రెండింతలు తిన్నారు. ఆ సంగతి కవులు రాయలేదు.

మేళంలో వీణ వాయించే వల్లకుడు సన్యాసం పుచ్చుకున్నాడు. శిష్యుల రద్దీ భరించలేక చుట్టూ ప్రాకారం కట్టించుకున్నాడు. వేణువు వాయించే శ్యామలాంగుడు మిరియాల ఓడ కొన్నాడు. డోలు వాయించే ఉద్దండుడు ఏమయ్యాడో ఎవరూ అడగలేదు. డోలు వాయించేవాళ్ళ గురించి సాధారణంగా ఎవరూ అడగరు. మేళానికి గొంతూ, మేళం విడిపోవడానికి కారణమూ అయిన మకరందుడు మాత్రం తాను మళ్ళీ కొత్తగా పుడుతున్నానని ప్రకటించాడు. వైజయంతీ నగరంలో నిండు సభలో పాటను సగంలో ఆపి, "నేను నలుగురిలో ఒకణ్ణి కాను, ఒక్కణ్ణే!" అని చెప్పి వేదిక దిగిపోయాడు. అప్పటికప్పుడు గుండెలోంచి పొంగిన మాట అని జనం అనుకున్నారు. అతడు దాన్ని అద్దం ముందు చాలా రోజులు సాధన చేశాడు.

కొత్తగా పుట్టినవాడికి కొత్త పాటలు కావాలి కదా. మకరందుడు కట్టాడు. వాటిలో డోలు లేదు, వేణువు లేదు. అంతరంగంలోని అగాధం గురించి, ఆ అగాధంలోకి తొంగి చూసేవాడి గురించి, అలా తొంగి చూసేవాణ్ణి వెనకనుంచి చూసేవాడి గురించి సుదీర్ఘమైన గీతాలు. జనం ఎంతో మర్యాదగా విన్నారు. విన్నాక, "బాగుందయ్యా. ఇక తేరు పాట అందుకోండి" అన్నారు.

మబ్బుల తేరెక్కి మా ఊరు రావయ్య, గడప దాటకముందె గాజులు తేవయ్య! మీసం మొలవని వయసులో, ఆకలి మీద, ఎవరిదో పెళ్ళి ఊరేగింపు కోసం గబగబా కట్టిన పాట అది. చతుర్ముఖ మేళాన్ని పల్లకీలు ఎక్కించింది అదే. ఇప్పుడు మకరందుణ్ణి వెంటాడి చంపుతున్నదీ అదే.

కాలకంటక వనంలో దొంగలు అతణ్ణి చెట్టుకు కట్టి, మెడ మీద కత్తి ఆనించి, ముఖం చూసి కత్తి దించేశారు. "అయ్యో, మీరా! తేరు పాట పాడండి, వదిలేస్తాం." పాడాడు, వదిలేశారు. ఉప్పుటేరు దాటుతుంటే ఒక రాక్షసి అతణ్ణి కాలు పట్టి తలకిందులుగా ఎత్తి, నోటిదాకా తెచ్చుకుని, "నాయనా, మింగే ముందు ఆ తేరు పాట ఒక్కసారి పాడవూ? మా ఆయనకి ప్రాణం ఆ పాటంటే" అని కళ్ళు తుడుచుకుంది. పాడాడు. రాక్షసి అతణ్ణి ఒడ్డున దించి, దారిలో తినమని పనసతొనలు మూటగట్టి ఇచ్చింది. ప్రాణం దక్కిన ప్రతిసారీ మకరందుడికి ఒళ్ళు మండిపోయింది. ఆ పాట పాడకుండా ఒక్కసారి బతకగలిగితే చాలునన్న కోరిక అతణ్ణి చివరికి ధూమశైలం మీదికి నడిపించింది.

ధూమశైలం మామూలు కొండ కాదు. దాని చరియలు ఆరిపోయిన నిప్పుకణికల రంగులో ఉంటాయి. శిఖరం చుట్టూ పొగమబ్బు పాము చుట్టలా చుట్టుకుని, ఊపిరి పీల్చినట్టు ఉబ్బి, వదిలినట్టు కుంచించుకుంటూ ఉంటుంది. ఆ పొగలో తడుముకుంటూ పోతే ఒక గుహ. గుహ గోడల నిండా కొయ్యలు. ప్రతి కొయ్యకూ ఒక ముఖం. గాలి వీచినప్పుడల్లా ఆ ముఖాలన్నీ ఒకదానికొకటి తగిలి, తడిబట్టలు ఆరేసిన తీగలా టపటపమంటాయి. ఆ ముఖాల నడుమ ఆకుపచ్చటి గోళ్ళతో గడ్డం దువ్వుకుంటూ కూర్చున్నాడు జంభకుడనే మాయావి.

"ఏ ముఖం కావాలి నాయనా?" అన్నాడతడు, బట్టల దుకాణదారుడిలా. "రాజముఖాలు పై వరసలో ఉన్నాయి. అమాయకపు ముఖాలు అయిపోయాయి. మంత్రులొచ్చి మొత్తం పట్టుకెళ్ళారు."

"నన్నెవరూ గుర్తుపట్టని ముఖం కావాలి."

"అందరూ అదే అడుగుతారు. గుర్తుపట్టకపోతే మళ్ళీ వాళ్ళే వచ్చి ఏడుస్తారు." జంభకుడు నిట్టూర్చి లేచాడు. "ధనం అక్కర్లేదు. నీ పాత ముఖం ఈ కొయ్యకు తగిలించి వెళ్ళు, చాలు. అయితే రెండు సంగతులు విను. ఎవడైనా నిన్ను ఆనవాలు పట్టి పాత పేరుతో పిలిచాడో, కొత్త ముఖం రాలిపోతుంది. పాతదేమో నా దగ్గరుంటుంది. కింద ఇక కళ్ళూ ముక్కూ నోరూ ఏవీ ఉండవు. గుడ్డులా ఉంటావు."

"నోరు కూడానా?"

"గుడ్డుకి నోరుంటుందా నాయనా?"

"రెండో సంగతి?"

"నిండు సభ ఒక్క గొంతుతో నీ కొత్త పేరు పలికితే, కొత్త ముఖం నీకు శాశ్వతం. బ్రహ్మ దిగివచ్చి లాగినా ఊడదు."

మకరందుడు ఆలోచించలేదు. విశాలమైన నుదురూ, కాస్తంత విచారమూ, ఎంతో లోతున్నట్టు కనిపించే కళ్ళూ ఉన్న ముఖం ఒకటి ఎంచుకున్నాడు. నిశ్శంకుడు అని పేరు పెట్టుకున్నాడు. తేరు పాట అతడి పాత ముఖంతోపాటు కొయ్యకు వేలాడుతుండగా, ఈల వేసుకుంటూ కొండ దిగాడు.

కాంచనద్రోణి నగరం మీద ఆ ఉదయం ఎండ తేనెలా కారుతోంది. వీధుల్లో పరిచిన పసుపురాళ్ళు, మేడల మీద పావురాళ్ళ గూళ్ళు, గూళ్ళకు కట్టిన వెండిగంటలు, గంటల చప్పుడుకు తల ఊపే గుర్రాలు. కోట వెనక కర్కోటి నది కొండను నిలువునా చీల్చుకుని, నురగలు కక్కుతూ, అందంగానూ ప్రాణాంతకంగానూ దూకుతుంది. ఆ నగరాన్ని ఏలేది రాణి కువలయావళి. ఆమెకు సంగీతమంటే ప్రాణం. అయితే ఏది మంచిదో తేల్చుకునే ఓపిక లేదు. అందుకని సింహాన్ని పెట్టుకుంది.

దాని పేరు రసజ్ఞుడు. కొత్త గాయకుడెవడైనా ముందు రసజ్ఞుడి ఎదుట పాడాలి. పాట నచ్చితే సింహం తన పాదాల మీద తల ఆనించి పడుకుంటుంది. నచ్చకపోతే లేస్తుంది. లేచాక దానికి గొలుసు ఎంత పొడుగుందో గాయకులు ముందే కనుక్కుని రావడం మంచిది. మిగతా రాజ్యాల్లో విమర్శకులు గాయకుణ్ణి వెనకనుంచి తింటారు. కాంచనద్రోణిలో ఎదురుగా తింటారు. అంతే తేడా.

నిశ్శంకుడు సింహం ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, అగాధం పాట ఎత్తుకున్నాడు. సభలోని పండితులు వెంటనే గడ్డాలు పట్టుకుని ఆలోచనలో పడినట్టు కూర్చున్నారు. సింహం ఆవులించింది. మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. మూడో చరణం మొదటి పాదం చివర స్వరాన్ని పైకి ఎత్తి, నిశ్శంకుడు ఆగాడు.

ఎందుకు ఆగాడో అతడికి తెలియదు. ఆగిన సంగతే తెలియదు. సింహం తల ఎత్తింది. దాని వీపు మీద వెంట్రుకలు నిక్కాయి. ముందరి కాళ్ళు ఊని లేచి నిలబడింది. గొలుసు గలగలమంది.

అప్పుడు సభ మూల నుంచి డోలు పలికింది. ధిధిం, ధిధిం, ధిధింత ధిం!

సింహం ఒక్క నిట్టూర్పు విడిచి, పాదాల మీద తల ఆనించి పడుకుంది. సభ హోరెత్తిపోయింది. నిశ్శంకుడు కళ్ళు తెరిచి, డోలు పలికిన మూలకు చూశాడు. అక్కడ దండోరా వేసే మనిషి నిలబడి, తప్పు చేసిన పిల్లవాడి చేతుల్ని చూసినట్టు తన చేతుల్ని తాను చూసుకుంటున్నాడు. ఆ మనిషి ఉద్దండుడు. అతడూ కొత్తగా పుట్టాడు. కాకపోతే మాయావి దాకా వెళ్ళకుండా, మీసం పెంచుకుని ఊరుకున్నాడు.

"పాట ఒక్క ముక్క అర్థం కాలేదు" అంది రాణి, ఎంతో సంతోషంగా. "కనుక గొప్పదే అయి ఉంటుంది. సాయంకాలం బిరుదు ఇస్తాం. సభంతా లేచి నిశ్శంకుడి పేరు ఎలుగెత్తి పలుకుతుంది."

సాయంకాలం! నిశ్శంకుడి గుండె ఎగిరి గంతేసింది. ఆ గంతు పూర్తయ్యేలోపే ఒక మొద్దు చెయ్యి అతడి జబ్బ పట్టుకుని స్తంభం చాటుకు లాగింది.

"ఒరేయ్ మక—"

నిశ్శంకుడు ఉద్దండుడి నోరు మూసేశాడు. "పేరెత్తకు! నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ పేరు మాత్రం ఎత్తకు!"

ఉద్దండుడు ఆ చెయ్యి తీసి పారేశాడు. "ఎత్తితే ఏం?"

"ముఖం రాలిపోతుంది. నోరు కూడా ఉండదు."

"ఈ ముఖమా? పోతే పోయింది. చూస్తుంటే కడుపునొప్పి వచ్చినవాడిలా ఉన్నావు."

"నన్నెలా పట్టావు ఉద్దండా?"

"నేను పట్టలేదు, నా చేతులు పట్టాయి. మూడో చరణం ఎత్తుగడలో ఆగి, నా డోలుకి జాగా ఇస్తావు చూడు! ఈ భూమ్మీద ఇంకెవడూ అక్కడ ఆగడు. పాటలు మార్చావు, మొహం మార్చావు, ఆ ఆగడం ఎందుకు మార్చుకోలేదురా?"

"అది ఆగడం కాదు" అన్నాడు నిశ్శంకుడు, లోతైన కళ్ళతో. "శూన్యాన్ని సూచించే మౌనం."

"నీ బొంద. అది నేను."

ఉద్దండుడు గొంతు తగ్గించాడు. "వేదిక దిగిపోతూ నాతో ఒక్క మాట అన్నావా? నీళ్ళు తాగడానికి పోయావనుకున్నాను. మెడలో డోలేసుకుని, జనమంతా లేచిపోయేదాకా తాళం వేస్తూ నిలబడ్డాను. పందిరి విప్పేవాళ్ళు వచ్చి, 'అన్నా, ఇక ఇంటికెళ్ళు' అన్నారు."

అంతలో కోట గుమ్మం దగ్గర బాకాలు మోగాయి. వీధుల్లోంచి కేకలు, ఈలలు, పూలు. ద్వారపాలకుడు పరుగెత్తుకొచ్చి రొప్పుతూ అరిచాడు: "మహారాణీ! మకరందుడు! చతుర్ముఖ మేళం మకరందుడు స్వయంగా వేంచేశాడు!"

స్తంభం చాటున ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఏనుగు మీంచి దిగి సభలోకి నడిచి వస్తున్నది నిశ్శంకుడి సొంత ముఖమే. అదే కోలముక్కు, అదే గడ్డం మీది నొక్కు. నవ్వు మాత్రం, తన జీవితంలో తాను ఎన్నడూ అంత బాగా నవ్వలేదని నిశ్శంకుడు ఒప్పుకోక తప్పలేదు. వచ్చినవాడు రాణికి చేతులు జోడించాడు. ఆ చేతుల గోళ్ళు ఆకుపచ్చగా మెరిశాయి.

"జంభకుడు!" అని నిశ్శంకుడు పళ్ళు నూరాడు. "నా ముఖం తగిలించుకొచ్చాడు!"

"నువ్వు పారేసిందేగా" అన్నాడు ఉద్దండుడు.

ఆ మధ్యాహ్నం సభ నిశ్శంకుణ్ణి పూర్తిగా మరిచిపోయింది. పండితులు గడ్డాలు వదిలేసి బల్లలెక్కారు. రాణి సింహాసనం దిగివచ్చి, వేలి రాజముద్రిక తీసి మాయావి వేలికి తొడిగింది. "ఇది ఉన్నంతకాలం ఈ రాజ్యంలో మీ మాటే నా మాట. ఒక్కసారి... తేరు పాట..."

జంభకుడు ఎవరూ రెండోసారి అడగనక్కర్లేకుండా పాడాడు. ముఖం మకరందుడిదే కాని గొంతు కప్పది. తాళం ఒక దిక్కు, పాట ఒక దిక్కు. గాజులు తేవయ్య అన్న చోట స్వరం మెట్ల మీంచి జారిపడిన బిందెలా దొర్లింది. సభ కళ్ళనీళ్ళ పర్యంతమైంది. "ఆహా, వయసుతో గొంతు పండింది!" అన్నారొకరు. "అపస్వరంలో ఎంత అనుభవం!" అన్నారు ఇంకొకరు.

రసజ్ఞుడు లేచాడు.

ముఖాలు చూసి పాట మెచ్చుకునే విద్య పాపం సింహానికి ఎవరూ నేర్పలేదు. అది ఒక్కసారి గర్జించేసరికి పావురాళ్ళు గూళ్ళు విడిచి లేచిపోయాయి. గొలుసు తెగి గాలిలోకి ఎగిరింది. పండితులు బల్లల కింద దూరారు. జంభకుడు ఎంతో వేగంగా రాణి వెనక్కి నక్కాడు. సింహం అతడి కోసం నేరుగా ఉరికింది. మధ్యలో కువలయావళి, పారిపోవడానికి దారి లేక, గోడకు వీపు ఆనించి నిలబడింది.

తేరు పాట సరిగ్గా పాడితే సింహం ఆగుతుంది. సరిగ్గా పాడగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. పాడితే సభంతా అతణ్ణి పోల్చుకుంటుంది, పేరు పెట్టి పిలుస్తుంది, ముఖం రాలిపోతుంది, ఆపైన అతడు ఏ పాటా పాడలేడు. ఇదంతా నిశ్శంకుడు తెలిసీ ఒక అడుగు ముందుకు వేశాడు. రాణి ప్రాణం కోసమేనని తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి గాజుల చోట దొర్లిన ఆ స్వరాన్ని అతడు ఇంకొక్క క్షణం భరించలేకపోయాడు.

"మబ్బుల తేరెక్కి మా ఊరు రావయ్య..."

డోలు బదులిచ్చింది. ధిధిం, ధిధిం, ధిధింత ధిం! మొదటి పాదానికి సింహం వేగం తగ్గింది. రెండో పాదానికి తోక దించింది. గాజుల దగ్గరికి వచ్చేసరికి రాణి పాదాల ముందు పిల్లిలా ముడుచుకుని, తన పాదాల మీద తల ఆనించింది. పాట ముగిసింది. నిశ్శంకుడు కళ్ళు మూసుకుని, ముఖం రాలడం కోసం ఎదురుచూశాడు.

"ఎంత పొగరు!" అని ఒక గొంతు లేచింది.

బల్ల కిందనుంచి ఆస్థాన పండితుడు వేదగర్భుడు తల బయటపెట్టాడు. "మకరందుల వారు ఎదురుగా ఉండగా మకరందుల వారి పాటా! అందులో జీవమేదీ? గమకంలో ఆ లోతేదీ? పచ్చి నకలు!"

"నకలే!" అన్నారు మిగతా బల్లలవాళ్ళు. "నకిలీ గాయకుడు!"

నిశ్శంకుడు నోరు తెరిచాడు. తెరిచి ఏమనాలి? నేనే అతణ్ణి అంటే ముఖం పోతుంది. కాదంటే దొంగ. ఈలోగా జంభకుడు రాణి కొంగు చాటునుంచి హుందాగా బయటికి వచ్చాడు. "మహారాణీ, నా పాటకు సింహం పడుకోబోతుంటే ఈ దొంగ మధ్యలో దూరాడు. ఫర్వాలేదు. నన్ను అనుకరించేవాళ్ళు ఊరికొకడున్నారు. శిక్ష మాత్రం నా కోసం కాదు, కళ కోసం."

కళ కోసం అన్నాక రాణి మాత్రం ఏం చేస్తుంది? కర్కోటి జలపాతంలోకి తోసేయమంది. ఆ రాజ్యంలో నేరస్థుడి పేరును దండోరా మనిషే ముందు డోలు కొట్టి చాటాలి; తర్వాత సభ ఆ పేరును ఒక్క గొంతుతో తిరిగి పలకాలి. తప్పుడు పేరు చాటిన దండోరా మనిషిది కూడా అదే జలపాతం.

ఉద్దండుడు డోలు మెడలో వేసుకుని సభ నడుమకు వచ్చాడు. నిశ్శంకుడి కళ్ళల్లోకి చూశాడు. అతడి పెదవులు కలుసుకున్నాయి. మ అనాలంటే పెదవులు కలవాలి. ఒక్క మాటతో, పందిరి విప్పేవాళ్ళ మధ్య నిలబడ్డ ఆ రాత్రికి బదులు తీరిపోతుంది. నిశ్శంకుడి కొత్త ముఖం అంచులు చల్లగా వణికాయి.

ఉద్దండుడు మీసం తుడుచుకుని, డోలు మీద దెబ్బ వేశాడు. "వినండహో! పాట దొంగ నిశ్శంకుడు!"

"నిశ్శంకుడు!" అని నిండు సభ ఒక్క గొంతుతో గర్జించింది. "నిశ్శంకుడు!"

వేడి లక్క పోసినట్టు ముఖం చర్మానికి అంటుకుపోయింది. అయిపోయింది. ఇక బ్రహ్మ దిగివచ్చినా ఊడదు. ఎవరినీ ఆనుకోని, ఏ మేళానికీ చెందని, సరికొత్త మనిషిగా అతణ్ణి లోకం గుర్తించింది. తన పాటను తానే దొంగిలించినవాడిగా. సభకు అవతలి వైపు, ఇక ఎప్పటికీ తనది కాని ముఖంలోంచి జంభకుడు అతడికి కన్నుకొట్టాడు. ఆ వెంటనే రాజముద్రిక ఉన్న వేలు ఉద్దండుడి వైపు చాపాడు.

"ఆ డోలువాణ్ణి కూడా తోసేయండి. నా పాత మిత్రుడట. ఇంతసేపైనా పలకరించలేదు."

"నీ మొహానికి పలకరింపు కూడానా!" అని ఉద్దండుడు అరుస్తుండగానే భటులు ఇద్దర్నీ కలిపి ఎత్తుకుపోయి, కోట వెనక గోడ మీంచి, నురగల్లోకి, డోలుతో సహా విసిరేశారు.

ఆకాశం కిందికి పోయింది. నీళ్ళు పైకొచ్చాయి. రాళ్ళు, పొగ, హోరు. ఇక ఎప్పటికీ మకరందుడు కాని నిశ్శంకుడు చేతికి తగిలినదాన్ని పట్టుకున్నాడు. అది డోలు. డోలుకు అవతలి వైపు ఉద్దండుడు వేలాడుతూ నీళ్ళు ఉమ్ముతున్నాడు. ప్రవాహం ఇద్దర్నీ చెక్కముక్కల్లా తిప్పి తిప్పి, ఎత్తైన కొండల నడుమ, నల్లగా నిలిచిన మడుగులోకి విసిరింది.

"ఎందుకురా నా పేరు చెప్పలేదు?" అన్నాడు నిశ్శంకుడు దగ్గుతూ.

"నోరు లేకపోతే నిన్ను తిడితే నువ్వు బదులు చెప్పలేవు. అందులో మజా ఏముంది? అటు చూడు."

మడుగు ఒడ్డున పడి ఉన్న దుంగలన్నీ కళ్ళు తెరిచాయి. ఒకదాని తర్వాత ఒకటి, చప్పుడు లేకుండా, మొసళ్ళు నీళ్ళలోకి జారాయి.

"తేరు పాట ఎత్తుకోరా!" అని అరిచాడు ఉద్దండుడు, డోలు మీద తడిచేతులు వేసి. "తొందరగా!"

"వీటికి తేరు పాట తెలియదు" అన్నాడు నిశ్శంకుడు నెమ్మదిగా. అతడి లోతైన కళ్ళల్లో విచారం పోయి, చాలా కాలానికి మొదటిసారి వెలుగు వచ్చింది. "అసలు చతుర్ముఖ మేళం పేరే విని ఉండవు ఉద్దండా! ఒక్కటి కూడా!"

ఇన్నాళ్ళూ రాజ్యాలు తిరిగి వెతికిన సభ ఎట్టకేలకు దొరికింది. నిశ్శంకుడు గొంతు సవరించుకుని, ఎన్నడూ ఎవరూ వినని పాట ఒకటి, అప్పటికప్పుడు, చలికి పళ్ళు కొట్టుకుంటూనే అందుకున్నాడు. ఉద్దండుడు బూతులు తిడుతూనే తాళం వేశాడు. అన్నిటికంటే ముందున్న మొసలి నోరు బార్లా తెరిచింది. అది మెచ్చుకోలో కాదో చూడడానికి నిశ్శంకుడు పాట ఆపలేదు.